అప్పుడప్పుడు మొరాయించే మోటారు సైకిలు – లోపాన్ని కనిపెట్టే పద్ధతి

(ఒక సహకార ఇన్‌స్పెక్టరు)

మన సంఘాల సభ్యులలో చాలామందికి మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. ఉదయం, సాయంత్రం పాలు కేంద్రానికి చేరేది దాని మీదనే. సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, పాలు వేళ దాటి వచ్చిన రోజులకు కారణమేమని అడిగితే, "బండి స్టార్టు కాలేదండి" అనే జవాబు తరచుగా వినబడుతూ వుంటుంది. అందువలన పశుపోషణ విషయం కాకపోయినా, బండి విషయం కూడ ఈ పత్రికలో వ్రాయదగినదే.

పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే బిందెలోకి వస్తాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు బహు త్వరగా పెరుగుతాయి. అనుకూల పరిస్థితులలో కొన్ని రకాలు 20, 30 నిమిషాల కొకసారి రెట్టింపవుతాయి. కూలరులో 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబడే వరకు ఈ పెరుగుదల ఆగదు. దారిలో బండి ఆగి, ఎండలో నిలిచిన క్యానులోని పాలు కాచి చూసే పరీక్షలో విరిగిపోవచ్చు. ఆ పూట పాలు వెనక్కి వస్తే దాణాకు, పచ్చిమేతకు పెట్టిన ఖర్చు ఎవరూ తిరిగి ఇవ్వరు. తెలియక కలిపితే పదిమంది పాలు కూడ చెడిపోతాయి. కాబట్టి బండి లోపం ఒక ఇంటి నష్టంతో ఆగేది కాదు.

పూర్తిగా చెడిన బండి కంటె అప్పుడప్పుడు చెడే బండి ఎక్కువ బాధ పెడుతుంది. తెల్లవారుఝామున మొరాయించిన బండి, మెకానిక్కు వద్దకు తీసుకు వెళ్ళేసరికి ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. లోపం కనబడక ఆయన ప్లగ్గు మారుస్తాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే బాధ. ఈసారి కాయిలు మారుస్తారు. ఆ తర్వాత బ్యాటరీ. డబ్బు పోతుంది, లోపం మాత్రం వున్నచోటనే వుంటుంది.

వెన్న శాతం తగ్గిందని గేదెను అమ్మివేయము గదా! నమూనా తీసేముందు పాలు బాగా కలిపారా, చివరి ధారలు దూడకు వదిలివేశారా, మేత ఏమైనా మారిందా అని ఒక్కొక్కటే చూసుకుంటాము. బండి విషయంలోను అదే పద్ధతి. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి తర్వాత. సామాను మార్చడం అన్నిటికంటె చివర.

మొదటి పని – పుస్తకంలో వ్రాయడం

బండి ఆగినప్పుడల్లా ఈ క్రింది వివరాలు ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకోవాలి. చదువురాని వారు పిల్లల చేత వ్రాయించవచ్చు.

1. తేదీ, వేళ. ఇంజను చల్లగా వున్నప్పుడా, వేడెక్కిన తర్వాతనా?
2. వానా, మంచా, ఎండా? ముందురోజు బండి కడిగారా?
3. హ్యాండిలు తిప్పినప్పుడా, గతుకులో పడినప్పుడా, నిలిచి వున్నప్పుడా?
4. క్యాన్లు నిండుగా వున్నాయా, ఖాళీగా వున్నాయా?
5. ఆగిన క్షణంలో హారను మ్రోగిందా? లైట్లు వెలిగాయా?
6. ఒక్కసారిగా తాళం తీసినట్లు ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా?
7. ఎంతసేపటికి, ఏమి చేస్తే తిరిగి స్టార్టయింది?

నాలుగైదు సార్లు వ్రాసిన తర్వాత చూస్తే ఒక వరుస కనబడుతుంది. ఆరవ ప్రశ్న చాల ముఖ్యమైనది. ఒక్కసారిగా ఆగితే సాధారణంగా కరెంటు లోపము. దగ్గుతూ, ఊపిరి అందనట్లు ఆగితే సాధారణంగా పెట్రోలు లోపము. ఈ ఒక్క విషయం చెప్పగలిగినా మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది.

మీ బండి ఏ తరానిది?

ఇంజను నడవాలంటే సరియైన పాళ్ళలో పెట్రోలు, గాలి, వాటిని నొక్కగల బిగువు, సరియైన క్షణంలో ప్లగ్గు వద్ద నిప్పురవ్వ కావాలి. ఈ నిప్పురవ్వ పుట్టించే పద్ధతి అన్ని బండ్లలోను ఒకటి కాదు. అందుచేత ఒక బండికి పనిచేసిన చిట్కా మరొక బండికి పనిచేయకపోవచ్చు.

రాజ్‌దూత్, యెజ్డీ, పాత బుల్లెట్ల వంటి వాటిలో పాయింట్లు, కండెన్సరు వుంటాయి. పాయింట్ల మధ్య ఖాళీ సుమారు 0.35 నుండి 0.4 మిల్లీమీటర్లు వుండాలి. పాయింట్లు నల్లబడి, గుంటలు పడి వుంటే కండెన్సరును అనుమానించాలి.

తర్వాత వచ్చిన కార్బురేటరు బండ్లలో పాయింట్ల స్థానంలో సి.డి.ఐ. అనే మూసివున్న పెట్టె వచ్చింది. వీటిలో రెండు రకాలు. ఒక రకానికి కరెంటు నేరుగా మాగ్నెట్టు కాయిలు నుండి వస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా కిక్కు కొడితే ఇది నడుస్తుంది. రెండవ రకానికి బ్యాటరీ నుండి కరెంటు కావాలి.

2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.–6 నిబంధనలు వచ్చాక, కొత్తగా అమ్మే మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నిటికీ కార్బురేటరు పోయి ఇంజక్షను పద్ధతి వచ్చింది. పెట్రోలును పంపు పంపిస్తుంది, ఎంత పంపాలో ఒక కంట్రోలు పెట్టె నిర్ణయిస్తుంది. పంపుకు, పెట్టెకు రెండింటికీ కరెంటు కావాలి. అందువలన ఈ బండ్లలో బ్యాటరీ బాగా దిగిపోతే చాలావాటికి కిక్కు కొట్టినా, తోసినా ప్రయోజనం వుండదు. పాత బండి అలవాటుతో కొత్త బండిని ఫర్లాంగు దూరం తోసి అలసిపోయేవారు ఈ సంగతి గ్రహించాలి.

తాళం తిప్పగానే

బండి మొరాయించినప్పుడు వెంటనే కిక్కు మీద కిక్కు కొట్టవద్దు. తాళం తిప్పి ఒక నిమిషం చూడండి, వినండి.

లైటు, హారను, మీటరు ఏవీ పనిచేయకపోతే బ్యాటరీ, దాని తీగలు, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్చి – వీటిని ముందుగా చూడాలి. తాళంచెవిని మెల్లగా అటు ఇటు కదిలించినప్పుడు మీటరు లైటు వెలిగి ఆరితే తాళం స్విచ్చి అరిగిందన్నమాట. తాళపుచెవుల గుత్తి బరువుగా వ్రేలాడదీయడం దీనికి ఒక కారణం. ఇంటి తాళం, బీరువా తాళం, కొట్టం తాళం అన్నీ బండి తాళానికి కట్టకూడదు.

ఇంజక్షను బండిలో తాళం తిప్పగానే పంపు రెండు మూడు క్షణాలు "జుయ్" మని సన్నగా శబ్దం చేసి ఆగాలి. ఆ శబ్దం లేకపోతే కిల్ స్విచ్చి, ఫ్యూజు, పంపు కప్లరు చూడాలి. మీటరులో పసుపు రంగు ఇంజను గుర్తు వెలిగి, స్టార్టయిన తర్వాత ఆరిపోవాలి. ఆరకుండా వున్నా, లెక్కగా వెలిగి ఆరుతున్నా అది లోపాన్ని తెలిపే సంకేతము. ఎన్నిసార్లు పొడవుగా, ఎన్నిసార్లు పొట్టిగా వెలిగిందో వ్రాసుకుని మెకానిక్కుకు చెప్పాలి.

కిల్ స్విచ్చి పిల్లల చేతిలో పడి నొక్కబడి వుండడం, సైడు స్టాండు పూర్తిగా పైకి లేవకపోవడం నవ్వులాటగా కనబడినా చాల తరచుగా జరిగేవి. సైడు స్టాండుకు స్విచ్చి వున్న బండ్లలో బురద, పేడ పట్టినచో స్టాండు లేపినా దించినట్లే లెక్కవేసి ఇంజను ఆగిపోతుంది. ఒక చెంబు నీళ్ళతో, చిన్న బ్రష్షుతో శుభ్రం చేస్తే సరిపోతుంది.

బ్యాటరీ పరీక్ష

కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న మల్టీమీటరుతో ఈ పరీక్షలు ఎవరైనా చేయవచ్చు. ఇవి 12 వోల్టుల బండ్లకు వర్తిస్తాయి.

మొదటిది: రాత్రి నిలిపిన బండికి ఉదయం తాళం తిప్పకముందు చూడాలి. 12.6 లేక అంతకంటె ఎక్కువ వుంటే బ్యాటరీ నిండుగా వున్నట్లు. 12.2 వద్ద సుమారు సగం. 12 కంటె తక్కువ అయితే దిగిపోయినట్లే.

రెండవది: సెల్ఫ్ నొక్కి వుంచి చూడాలి. 10 వోల్టుల దరిదాపుల్లో నిలిస్తే మంచిది. తొమ్మిదికి, ఎనిమిదికి పడిపోతే బ్యాటరీ పనికిరాకపోవచ్చు, లేక దానికి ఛార్జింగు అందకపోయి వుండవచ్చు. ఏది కారణమో మూడవ పరీక్ష చెబుతుంది.

మూడవది: బండి స్టార్టు చేసి యాక్సిలరేటరు పెంచి చూడాలి. 13.5 నుండి 14.8 వోల్టుల మధ్య వుండాలి. పెంచినా 13 దాటకపోతే మాగ్నెట్టు కాయిలు, రెక్టిఫైయరు లేక వాటి కప్లరులో లోపము. 15 దాటిపోతే రెక్టిఫైయరు అదుపు తప్పినట్లు. బల్బులు తరచు మాడిపోతాయి, బ్యాటరీ వుడికిపోతుంది. ఛార్జింగు సంగతి చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే అది కూడ పాతదాని దారినే పోతుంది.

ఇక్కడ పాల సభ్యులకు సంబంధించిన ఒక విశేషం వున్నది. చాలామంది బండి రోజుకు రెండు పూటలు, పూటకు ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరుగుతుంది. చిన్న బండ్ల బ్యాటరీ సాధారణంగా 3 నుండి 5 ఆంపియర్ అవర్లది మాత్రమే. ఒక్కసారి సెల్ఫ్ నొక్కితే పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అంత చిన్న ప్రయాణంలో, నెమ్మదిగా నడిపినప్పుడు, లాగిన కరెంటు తిరిగి నిండదు. పైగా 2017 ఏప్రిల్ 1 నుండి వచ్చిన కొత్త బండ్లకు ఇంజను నడుస్తున్నంతసేపు ముందు లైటు వెలిగే వుంటుంది. ఖర్చు ఎక్కువ, జమ తక్కువ అయిన ఖాతా వలె బ్యాటరీ రోజురోజుకు తరిగి, ఒక చలి ఉదయాన సున్నాకు చేరుతుంది. దానిలో బ్యాటరీ తప్పేమీ లేదు. కిక్కు వున్నవారు రోజు మొదటిసారి కిక్కుతో స్టార్టు చేయాలి. వారానికి ఒకటి రెండుసార్లైనా బండిని ఆపకుండా అరగంట, ముప్పావుగంట నడపాలి.

బ్యాటరీ మొలల మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుంటే వేడినీళ్ళలో తినేసోడా కలిపి పాత పళ్ళ బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించి, పైన వేజలిను రాయాలి. విప్పేటప్పుడు ముందు నెగటివు, బిగించేటప్పుడు చివర నెగటివు. ఈ వరుస తప్పితే పానా బండి ఇనుముకు తగిలి మంటలు లేస్తాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఎన్నడూ విప్పకూడదు. కంట్రోలు పెట్టె మాడిపోతుంది.

ఎర్తు, ఫ్యూజు

బ్యాటరీ నెగటివు తీగ ఛాసిస్‌కు గాని, ఇంజనుకు గాని ఒక బోల్టుతో బిగించి వుంటుంది. అక్కడ త్రుప్పు పట్టితే, రంగు అడ్డుపడితే వచ్చే చిక్కులు విచిత్రంగా వుంటాయి. ఇండికేటరు వేస్తే మీటరు లైటు మినుకు మినుకు మంటుంది. బ్రేకు నొక్కితే హారను గొంతు మారుతుంది. సెల్ఫ్ ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు.

మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివు మొలకు, రెండవ కొనను ఇంజను మీది రంగులేని లోహానికి ఆనించి సెల్ఫ్ నొక్కాలి. అర వోల్టు కంటె ఎక్కువ చూపితే ఎర్తు బాగాలేదని అర్థం. బోల్టు విప్పి గరుకు కాగితంతో రుద్ది తిరిగి బిగించాలి.

ఫ్యూజు పోయినచో అంతే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. రాగితీగ చుట్టకూడదు. ఫ్యూజు పోవడమంటే ఎక్కడో తీగ షార్టవుతున్నదని కబురు. రాగితీగ చుడితే కబురు తెచ్చినవాని నోరు నొక్కినట్లే. అప్పుడు కాలేది వైరింగు అంతా. ఫ్యూజు బాగుండి, దాని గూటిలోని పట్టు వదులైనా ఇదే బాధ. గూడు వేడెక్కి రంగు మారి వుంటే దానిని మార్చాలి.

సెల్ఫ్ చేసే శబ్దాలు

ఏ శబ్దం రాకపోతే: సెల్ఫ్ స్విచ్చి, క్లచ్చి లివరు స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి, ఫ్యూజు.
"టిక్ టిక్ టిక్" మని వరుసగా కొట్టుకుంటే: బ్యాటరీ బలం చాలలేదు, లేక మొల వదులు.
ఒక్కసారి "టక్" మని ఊరుకుంటే: రిలే లోపలి కాంటాక్టులు లేక మోటారు బ్రష్షులు.
మోటారు గిరగిర తిరిగి ఇంజను తిరగకపోతే: సెల్ఫ్ క్లచ్చి జారుతున్నది. ఇది మెకానిక్కు పని.
ఇంజను బాగా తిరిగి అందుకోకపోతే: సెల్ఫ్ తప్పు లేదు. కరెంటా, పెట్రోలా అన్నది తేల్చుకోవాలి.

కరెంటా, పెట్రోలా?

నాలుగైదు కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పి చూడండి. పెట్రోలుతో తడిసి వుంటే పెట్రోలు వస్తున్నది, కరెంటు అందడం లేదు, లేక చోకు ఎక్కువైంది. పొడిగా వుంటే పెట్రోలు రావడం లేదు. మసిపట్టి నల్లగా వుంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టరులో గడ్డి నుసి, దుమ్ము పేరుకున్నదేమో చూడాలి. ఇటుక రంగులో పొడిగా వుంటే ప్లగ్గు ఆరోగ్యంగా వున్నట్లు.

కరెంటు చూడడానికి ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని మరల భాగాన్ని ఇంజను లోహానికి గట్టిగా ఆనించి, ప్లాస్టిక్కు పిడి కటింగ్ ప్లయరుతో పట్టుకుని కిక్కు కొట్టాలి. నీలపు రవ్వ "చిట్" మని పడాలి. ఎర్రగా, పలచగా పడితే బలం లేదు. ఈ పరీక్ష ప్లగ్గు రంధ్రానికి దూరంగా చేయాలి. అక్కడ నుండి పెట్రోలు ఆవిరి వస్తుంది. దగ్గరలో బీడీ, దీపం వుండకూడదు. ప్లగ్గును లోహానికి ఆనించకుండా కిక్కు కొట్టరాదు. కరెంటు పోయే దారిలేక కాయిలు, పెట్టె చెడిపోతాయి. ఇంజక్షను బండ్లకు ఈ పరీక్ష మెకానిక్కుకు వదలడమే క్షేమము.

ప్లగ్గు క్యాపును మరువరాదు. పగలు చూస్తే బాగానే వుంటుంది. చీకటిలో ఇంజను నడుస్తుండగా చూస్తే, బీట ద్వారా నీలపు మెరుపులు బయటకు దూకడం కనబడుతుంది. మంచు, వాన రోజులలో మాత్రమే మొరాయించే బండికి ముందుగా చేయవలసిన పరీక్ష ఇది. తెల్లవారుఝామున లేచే పాడిరైతుకు చీకటి ఎలాగూ వుంటుంది.

పెట్రోలు వైపు చూస్తే, 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. ఇథనాలుకు తేమను పీల్చుకునే గుణం వుంది. తేమ మితిమీరినచో ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడివడి ట్యాంకు అడుగుకు దిగుతాయి. కార్బురేటరు అడుగు స్క్రూ వదిలి కొంచెం పెట్రోలును గాజుసీసాలోకి పట్టి కొంతసేపు నిలకడగా వుంచండి. పాల మీద మీగడ తేలినట్లు రెండు పొరలుగా కనబడితే ట్యాంకు, కార్బురేటరు శుభ్రం చేయవలసిందే. పెట్రోలు అడుగంటే వరకు నడపడం, నెలల తరబడి పావు ట్యాంకుతో నిలిపి వుంచడం మంచిది కాదు.

సందర్భాన్ని బట్టి అనుమానించవలసినవి

వేడెక్కాక ఆగి, చల్లారాక నడిస్తే: ముందుగా పెట్రోలు ట్యాంకు మూత తెరవండి. "హుస్" మని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయితే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయినట్లు. ఒక సన్నని తీగతో పోయే లోపానికి కాయిలు మార్చేవారు ఎందరో. మూత తెరిచినా స్టార్టు కాక, ఇంజను చల్లారిన తర్వాతనే స్టార్టయితే అప్పుడు కాయిలు, పల్సర్ కాయిలు, సి.డి.ఐ.లను అనుమానించాలి. కాయిలు లోపల తెగిన సన్నని తీగ చల్లగా వున్నప్పుడు అతుక్కుని, వేడికి వ్యాకోచించి విడిపోతుంది. కాబట్టి వీటిని బండి ఆగిన వేడిలోనే మీటరుతో కొలవాలి. చల్లారాక కొలిస్తే అన్నీ బాగానే చూపుతాయి.

హ్యాండిలు తిప్పినప్పుడు ఆగితే: హ్యాండిలు మెడ వద్ద వంగే తీగలలో ఒకటి లోపల తెగి వుంటుంది. పైతొడుగు బాగానే వుంటుంది. ఇంజను నడుపుతూ హ్యాండిలు చివరికంటా అటు ఇటు తిప్పి, తీగల కట్టను చేతితో మెల్లగా నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో లోపం అక్కడే.

ఇటువంటి తీగల విషయంలో ఒక్కొక్కసారి మీటరు కూడ మోసగిస్తుంది. పది పోగులలో తొమ్మిది తెగి ఒకటి నిలిచినా మీటరు 12 వోల్టులు చూపుతుంది. అందుచేత ఇండికేటరు బల్బుకు రెండు తీగలు అతికించి టెస్టు ల్యాంపుగా వాడాలి. ఒక్క పోగు మీద బల్బు మందంగా వెలుగుతుంది. సన్నని కాలువలో నీరు కనబడవచ్చును గాని, మడి తడపడానికి చాలదు. ఈ టెస్టు ల్యాంపును ఇంజక్షను బండి కంట్రోలు పెట్టె తీగలకు పెట్టరాదు.

ఉదయం మాత్రమే మొండికేస్తే: బ్యాటరీ, చోకు, ప్లగ్గు ఖాళీ, వాల్వు ఖాళీ – ఈ వరుసలో చూడాలి. ప్లగ్గు ఖాళీ సాధారణంగా 0.6 నుండి 0.9 మిల్లీమీటర్ల మధ్య వుంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో వ్రాసిన కొలతనే పాటించాలి. వాల్వులు బిగుసుకుపోతే ఇంజనులో బిగువు తగ్గి, కిక్కు తేలికగా దిగిపోతుంది.

నిండు క్యాన్లతోనే ఆగే బండి

మా పరిధిలోని ఒక సంఘ సభ్యుని పాత కార్బురేటరు బండి కేంద్రానికి వచ్చేటప్పుడు చెరువు కట్ట దిగగానే ఆగిపోయేది. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్కసారి కూడ ఆగలేదు. ఆగినప్పుడు లైటు, హారను చక్కగా వుండేవి. తోయడానికి వీలుగా క్యాన్లు దించగానే స్టార్టయ్యేది. మెకానిక్కు వద్దకు ఎప్పుడూ ఖాళీ బండే వెళ్ళేది కాబట్టి అక్కడ లోపం కనబడలేదు. ప్లగ్గు, కాయిలు, సి.డి.ఐ. మూడూ మార్చడం జరిగింది.

పై ప్రశ్నల ప్రకారం వ్రాసి చూడగా, "క్యాన్లు నిండు" అనే మాట ప్రతి వరుసలోను వచ్చింది. 40 లీటర్ల క్యాన్లు రెండు నీళ్ళతో నింపి స్టాండుకు తగిలించి బండిని కదిలించగా ఇంజను ఆగింది. సీటు విప్పితే సంగతి బయటపడింది. క్యాన్ల స్టాండు బిగించిన ఇనుప పట్టీ సీటు క్రింద వైరింగును నొక్కుతున్నది. బరువు పడినప్పుడు పట్టీ జరిగి, తొడుగు అరిగిన ఒక తీగ ఇనుముకు తగులుతున్నది.

ఆ తీగ ఇంజనును ఆపే తీగ. ఆ రకం సి.డి.ఐ. బండ్లలో తాళం తీసినప్పుడు ఈ తీగ ఎర్తుకు కలిసి నిప్పురవ్వను ఆపుతుంది. దారిలో అదే తీగ ఇనుముకు తగిలితే తాళం తీసినట్లే అవుతుంది. ఫ్యూజు పోదు, లైటు ఆరదు. అనుమానమున్నచో సి.డి.ఐ. వద్ద ఈ తీగ కప్లరు ఊడదీసి నడిపి చూడవచ్చు. లోపం పోతే తీగగాని, స్విచ్చిగాని దోషి. అయితే అప్పుడు తాళంతో ఇంజను ఆగదు, గేరులో బ్రేకు పట్టి ఆపాలి. అందుచేత పరీక్ష వరకే అలా చేయాలి.

తీగకు కొత్త తొడుగు వేసి, పట్టీ క్రింద ట్యూబు రబ్బరు ముక్క పెట్టడంతో ఆ బండి బాధ తీరింది. క్యాన్ల స్టాండు వున్న ప్రతి సభ్యుడు ఈ చోటును ఒకసారి సీటు విప్పి చూసుకోవాలి. వెనుక లైటు తీగ కూడ ఇలాగే నలిగి ఫ్యూజులు పోగొడుతుంది. బండి ఏ స్థితిలో చెడుతుందో అదే స్థితిలో పరీక్షించడం ముఖ్యము.

పశువుల కొట్టంలో నిలిపే బండి

పేడ, మూత్రం నుండి వచ్చే అమ్మోనియా వాయువు తేమతో కలిసి రాగి, ఇత్తడి ముక్కలను తినివేస్తుంది. కప్లరు విప్పితే లోపల పచ్చని చిలుము కనబడుతుంది. అందుచేత బండిని కొట్టంలో కాక, గాలి ఆడే చూరు క్రింద నిలపాలి. గడ్డివాము ప్రక్కన నిలిపితే ఎలుకలు తీగలు కొరుకుతాయి. ఒలికిన పాలు పులిసి ఆమ్లమై ఇనుమును, కప్లర్లను చెరుస్తాయి, అదేరోజు కడిగివేయాలి. గేదెలను కడిగే కాలువ దగ్గర బండిమీద కూడ నీళ్ళు ధారగా కొట్టడం మానాలి. హ్యాండిలు స్విచ్చీలకు, ముందు లైటు డోముకు, సీటు క్రిందకు తడిగుడ్డ చాలు.

ఆరు నెలల కొకసారి, ముఖ్యంగా వానాకాలానికి ముందు, కప్లర్లు విప్పి, తుడిచి, కాంటాక్టు స్ప్రే కొట్టి తిరిగి "టక్" మనేలా బిగించాలి.

దారిలో ఆగినచో పాల సంగతి

బండి కంటె పాలు ముందు. పది నిమిషాలలో స్టార్టు కాకపోతే క్యాన్లను నీడకు చేర్చి, తడి గోనెసంచి కప్పి, వెనుక వచ్చే సభ్యుని బండిమీద పంపాలి. కార్యదర్శికి ఫోను చేసి చెప్పాలి. ఆలస్యమైన పాలను తాజా పాలలో ఎంతమాత్రం కలపకూడదు. పరీక్ష అయ్యేవరకు విడిగా వుంచమని మీరే చెప్పడం తోటి సభ్యులకు మీరు చేసే న్యాయము.

సంఘాలు చేయదగినది

సంఘం తరఫున ఒక మల్టీమీటరు, ఒక టెస్టు ల్యాంపు, ప్లగ్గు పానా, నాలుగు రకాల ఫ్యూజులు కొని కేంద్రంలో వుంచితే ఊరంతటికీ సరిపోతాయి. ఖర్చుకు పాలకవర్గం తీర్మానం వ్రాసుకుని, సామాను రిజిస్టరులో ఎక్కించి, తీసుకువెళ్ళిన వారి సంతకం తీసుకోవాలి. ఒక క్యాను పాలు చెడితే పోయే సొమ్ముతో పోల్చితే ఈ ఖర్చు చాల స్వల్పము.

సభ్యులు ఈ వరుసను గుర్తుంచుకోవాలి: ముందు వ్రాయడం, తర్వాత చూడడం, వినడం; పిమ్మట బ్యాటరీ మొలలు, ఎర్తు, ఫ్యూజు, స్విచ్చీలు, తీగలు; ఆ పిమ్మట ప్లగ్గు, పెట్రోలు; అన్నిటికంటె చివర కాయిలు, పెట్టెలు. అప్పుడప్పుడు వచ్చే లోపాలలో ఎక్కువ భాగం వదులైన పట్టులోను, అరిగిన తొడుగులోను, పట్టిన చిలుములోను వుంటాయి. వాటిని సరిచేయడానికి సామాను కంటె ఓపిక ఎక్కువ కావాలి. ఆ ఓపిక పాడి చేసేవారికి కొత్త కాదు.